బోర్లించిన పళ్ళెం

మా ఇంట్లో ఫోను హాల్లో, మెట్ల కింద,
తడి గొడుగుల పక్కన ఉండేది.
సరిగ్గా బఠాణీలు వడ్డించే వేళకి మోగేది.
అమ్మ ఫోర్కు దించి వెళ్ళేది.
మేం నమలడం ఆపి వినేవాళ్ళం:
"ఊఁ... ఎన్నాళ్ళయింది చెత్తబండి రాక?
ఎలుకా? ఎంతుంది?"
నాన్న ఆవిడ పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించేవాడు.
మా ఇంట్లో ఎవరూ ప్రేమ అనే మాట అన్నట్టు గుర్తులేదు.
పళ్ళెం అంచున నీటిబొట్లు మాత్రం గుర్తు.

కౌన్సిలర్ మ్యూరియల్ ఎంట్విసిల్, థ్రష్‌గిల్ వార్డు.
మిల్లులు మూసేశాక మిగిలిన పొగగొట్టాలు రెండు,
ఎగుడుదిగుడు రాతివీధులు, వాటిలో గుంటలు.
ఒక్కో గుంటనీ చుట్టం పేరు తలచినట్టు తలచేది.

పదేళ్ళకే నాకా వార్డు వేళ్ళతో తెలుసు.
ఏ తలుపు ఉత్తరాల సందు కత్తెరలా మూసుకుంటుందో,
ఏ సందు వెనక కుక్క ఊపిరి బిగబట్టి కూచుంటుందో.
ఈ చూపుడువేలి మచ్చ ఎనభై ఆరు మే నెల ఎన్నికలది.
కట్టు కడుతూ నాన్న అన్నాడు:
"కరిచింది అవతలి పార్టీ కుక్కే, దిగులుపడకు."

అమ్మమ్మ ఈడిత్ నేతమిల్లు మనిషి.
మగ్గాల హోరులో ముప్ఫై ఏళ్ళు
పెదాలు చూసి మాటలు పట్టుకున్న మనిషి.
టౌన్‌హాల్ గ్యాలరీలో మొదటి వరస ఆవిడది.
ఎదుటి బెంచీల గుసగుసలు పైనుంచి ఏరుకుని
టీ వేళకి, బిస్కట్లతోపాటు, కూతురికి అందించేది.
"ఆ బట్టతలాయన నీ టోపీని వెక్కిరించాడు."
ఎక్కువగా ఇలాంటివే.

తర్వాత ఈతకొలను.
ఆకుపచ్చ పలకల గోడలు, కళ్ళు మండే వాసన,
తమ్ముడు నెవిల్ మొదటిసారి మునిగి తేలిన చోటు.
పందొమ్మిదేళ్ళు ప్రతి మంగళవారం
నాన్న మెడలో స్టాప్‌వాచీ వేసుకుని నిలబడ్డ గట్టు.
డబ్బు ఒకదానికే ఉంది,
కారుతున్న ఆ కొలను కప్పుకో,
ముసలివాళ్ళు మధ్యాహ్నాలు వెచ్చగా కూచునే హాలుకో.
మూసేద్దామన్నవాళ్ళతో అమ్మ చెయ్యెత్తింది.
నేను చూశాను, మోచెయ్యి వంగలేదు.
గ్యాలరీలోంచి అమ్మమ్మ పెదాలు ఏదో అన్నాయి, చప్పుడు లేకుండా.
అమ్మ చదువుకుంది. తల దించుకుంది.
ఏమందని ఇప్పటికి ఎన్నిసార్లడిగినా
"కోటు బొత్తాం పెట్టుకోమంది" అంటుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు.
ఆ రాత్రి పదిన్నరకి అమ్మ రచ్చ గెలిచి వచ్చింది.
స్టాప్‌వాచీ అప్పటికే గోడమేకుకి ఎక్కింది.
బల్లమీద పళ్ళెం ఉంది, పైన ఏమీ లేదు.
గ్రేవీ తొరక కట్టింది.
కోటు విప్పకుండా, నిలబడే, మొత్తం తినేసింది.
కడిగి పెట్టింది.
ఎనిమిది రాత్రులు అలాగే.
తొమ్మిదో రాత్రి ఫోను మోగింది, ఆవిడ లేచింది.
నాన్న బఠాణీలు లెక్కపెడుతున్నట్టు కాసేపు కూచుని
అల్మరాలోంచి పళ్ళెం తీశాడు.
బల్లకింద నెవిల్ నా కాలు తొక్కాడు.

మరుసటేడు పదిహేడు ఓట్లతో ఓడింది.
బాడ్మింటన్ గీతల మీద బల్లలేసి రెండుసార్లు లెక్కించారు.
కొలను వల్లో, వాన వల్లో, టోపీ వల్లో.

మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు వీధిదీపం వెలగలేదు.
అమ్మ హాల్లోకెళ్ళి తనే నంబరు తిప్పింది.
"పేరా? ఎంట్విసిల్. కాదండీ, ఇప్పుడేం కాను,
ఆ వీధిలో ఉంటాను, అంతే. సరే, లైన్లో ఉంటా."
రేకుడబ్బా సంగీతం మెట్లదాకా వినిపించింది.
నాన్న మేకు మీంచి స్టాప్‌వాచీ తీసి
గొడుగుల పక్కన మెట్టు మీద కూచుని నొక్కాడు.
ఏడు నిమిషాలు దాటాక
"థ్రష్‌గిల్ రికార్డు" అన్నాడు, నెమ్మదిగా.
అమ్మ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

వంటింట్లో బఠాణీలు చల్లారిపోతున్నాయి.
రెండు పళ్ళేలూ నేనే బోర్లించాను.